సర్కారు కొలువు – మన వాటా (6వ భాగం): నాలుగు సర్కార్ల నడుమ శృంగవరపుకోట



పోయిన భాగం చదివిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, సెంట్రల్ జాబ్‌కి ప్రిపేర్ అవ్వాలా, స్టేట్ జాబ్‌కా?" కోచింగ్ సెంటర్లో దీనికి జీతం లెక్క చెప్తారు. బేసిక్ ఎంత, డీఏ ఎంత, పోస్టింగ్ ఎక్కడ అని. నేను చరిత్ర లెక్క చెప్తాను. ఎందుకంటే మన తాతలకి ఈ ప్రశ్న అడిగే అవకాశమే లేదు, మన నాన్నలకి అడిగే తీరిక లేదు. మనకి రెండూ ఉన్నాయి గానీ, పోస్టులే కనపడట్లేదు.

ఇది కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి. పరీక్షలకి కూడా పనికొస్తుంది.

ఒక ఊరు, నాలుగు సర్కార్లు

మన శృంగవరపుకోటనే తీసుకోండి. కలెక్టరాఫీసు విజయనగరంలో. ఎంపీకి ఓటు వేసేది విశాఖపట్నం లోక్‌సభకి. కొత్తవలస–కిరండూల్ లైను మీద ఉన్న మన రైల్వే స్టేషను, 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం ఒడిశాలోని రాయగడ డివిజన్ కిందికి పోతుంది. విశాఖ కేంద్రంగా కొత్త రైల్వే జోను వచ్చిందని మనమూ సంబరపడ్డాం. కానీ కొత్తవలస నుంచి బచేలి వైపు లైను భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ జోన్‌లోనే ఉండిపోయింది. ఊళ్ళో చీపురు పట్టే మనిషికి జీతం ఇచ్చేది మాత్రం పంచాయతీ.

అంటే ఢిల్లీ, అమరావతి, విజయనగరం, ఊరి పంచాయతీ. నాలుగు చోట్ల నాలుగు ఖజానాలు. ఒక్కో ఖజానా దగ్గర మన కులం వాళ్ళు ఏ మెట్టు మీద నిలబడ్డారు, ఎప్పుడు ఎక్కారు, ఎప్పుడు దిగారు అన్నదే ఈ భాగం.

జీతం లేని మొదటి కొలువు

"మన వాళ్ళకి సర్కారు ఉద్యోగాలు రిజర్వేషన్ వల్లే వచ్చాయి" అని కొంతమంది వెటకారంగా అంటుంటారు. వాళ్ళకి చరిత్ర తెలీదు. సర్కారు పనిలో మనం మొదటి నుంచీ ఉన్నాం. మన వైపు బారికి అంటారు, వేరే జిల్లాల్లో వెట్టి, తలయారి అంటారు. దండోరా వేసేది, శిస్తు కట్టమని ఇంటింటికీ కబురు చెప్పేది, వచ్చిన అధికారి సామాను మోసేది, రాత్రి కాపలా కాసేది మనోళ్ళే. బారికి అన్న మాట ఇవాళ్టికీ ఎస్సీ కులాల జాబితాలో ఒక పేరుగా ఉంది. పని పేరే కులం పేరైపోయింది.

1895లో మద్రాసు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసింది. మునసబు కొడుకు మునసబు, కరణం కొడుకు కరణం, వెట్టివాడి కొడుకు వెట్టివాడు. పై రెండు ఉద్యోగాల్లో గౌరవం, భూమి, లెక్కల పుస్తకం ఉన్నాయి. కింది ఉద్యోగంలో చాకిరీ ఉంది. రాజ్యాంగం వచ్చి పదేళ్ళు దాటినా ఈ ఏర్పాటు నడిచింది. చివరికి మన రాష్ట్రం నుంచే వెళ్ళిన గాజుల దశరథ రామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తీర్పు చెప్పింది. గ్రామోద్యోగం కూడా ప్రభుత్వోద్యోగమే, దాన్ని వంశం చూసి ఇవ్వడం రాజ్యాంగంలోని 16వ అధికరణకి విరుద్ధం అని. పోటీ పరీక్షలు రాసే వాళ్ళు ఈ కేసు గుర్తుపెట్టుకోండి. "మెరిట్" గురించి మనకి పాఠాలు చెప్పేవాళ్ళకి కూడా గుర్తుచేయండి. పుట్టుక ఆధారంగా నూటికి నూరు శాతం రిజర్వేషన్ ఈ దేశంలో ఎవరు అనుభవించారో ఆ తీర్పులో ఉంది.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవుల్ని రద్దు చేసింది. అది మంచి పని. కానీ కింద ఉన్న గ్రామ సేవకుడి పని పోలేదు, పేరు మారింది. ఇప్పుడు గ్రామ రెవెన్యూ సహాయకుడు, వీఆర్ఏ. తెలంగాణలో 2023లో వీఆర్ఏలని వేర్వేరు శాఖల్లో సర్దుబాటు చేసి పే స్కేలు ఇచ్చారు. మన దగ్గర ఇంకా గౌరవ వేతనమే. 1895 నుంచి ఇప్పటిదాకా ఆ మెట్టు మీద నిలబడ్డ మనిషి దాదాపు అదే మనిషి.

పన్నెండులో ఒకటి

ఇప్పుడు వాటా కథకి వద్దాం. శృంగవరపుకోట అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1919 చట్టంతో కొన్ని శాఖలు ప్రెసిడెన్సీ మంత్రుల చేతికి వచ్చాయి. అధికారం లండన్, ఢిల్లీ నుంచి ఒక మెట్టు కిందికి దిగింది. దిగిన వెంటనే మద్రాసులో జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1921లో మొదటి కమ్యూనల్ జీవో ఇచ్చింది. 1927లో సుబ్బరాయన్ మంత్రివర్గం కాలంలో వచ్చిన జీవో అంకెలు స్పష్టంగా రాసింది. ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకి 5, బ్రాహ్మణులకి 2, ముస్లింలకి 2, క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లకి 2, అణగారిన కులాలకి 1.

పన్నెండులో ఒకటి. లెక్కేస్తే 8.33 శాతం.

ఢిల్లీ ఏం చేసింది? 1934లో కేంద్ర సర్వీసుల్లో ముస్లింలకి 25 శాతం, ఇతర మైనారిటీలకి 8.33 శాతం కేటాయిస్తూ తీర్మానం చేసింది. మన వాళ్ళకి మాత్రం నిర్ణీత వాటా రాయలేదు, అర్హులు దొరకరన్న సాకుతో. 1942 జూలైలో బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్ అయ్యారు. ఆ అక్టోబరులోనే షెడ్యూల్డు కులాల కష్టాల మీద పెద్ద వినతిపత్రం ఇచ్చారు. 1943 ఆగస్టులో కేంద్ర సర్వీసుల్లో 8.33 శాతం వచ్చింది. 1946లో అది 12.5 అయింది. 1970లో ఎస్సీలకి 15, ఎస్టీలకి 7.5 అయింది.

చూశారా? మద్రాసు 1927లో రాసిన "పన్నెండులో ఒకటి" ఢిల్లీ కాగితం మీదికి ఎక్కడానికి 16 ఏళ్ళు పట్టింది. అది కూడా లోపల మన మనిషి ఒకడు కూర్చున్న తర్వాతే. కాబట్టి "కేంద్రం ముందుంటుంది, రాష్ట్రాలు వెనకబడి ఉంటాయి" అన్నది నిజం కాదు. తర్వాత చరిత్రలో దీనికి తలకిందుల ఉదాహరణలూ ఉన్నాయి గనక "రాష్ట్రమే ముందు" అన్నదీ సూత్రం కాదు. ఏ మెట్టు దగ్గర ఉద్యమం గట్టిగా ఉందో, ఏ గదిలో మన మనిషి ఉన్నాడో అక్కడ ముందు కదిలింది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ పన్నెండో ఉద్యోగం మన శృంగవరపుకోట పల్లెల దాకా రావాలంటే ముందు బడి రావాలి. జీవో వచ్చినప్పుడు మన పేటల్లో అక్షరం వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాటా కాగితం మీదికి ముందు వచ్చింది, పలక తర్వాత వచ్చింది. ఈ ఎడం మూలంగానే మొదటి తరం లబ్ధిదారులు ఎక్కువగా పట్నాల్లో, మిషన్ బడులున్న చోట్ల కనపడతారు.

బడి, రైలు పట్టా, ఫ్యాక్టరీ గేటు

1950 నుంచి 1990 దాకా ఉన్న నలభై ఏళ్ళని మన పెద్దోళ్ళు "ఉద్యోగాలున్న రోజులు" అంటారు. మన ప్రాంతానికి ఆ రోజులు మూడు తలుపుల్లోంచి వచ్చాయి.

మొదటిది బడి. 1959లో షాద్‌నగర్‌లో మన రాష్ట్రం పంచాయతీరాజ్ మొదలుపెట్టింది. ఎలిమెంటరీ బడులు పంచాయతీ సమితుల చేతికి వచ్చాయి. "సమితి మేష్టారు" అన్న మాట అప్పుడే పుట్టింది. ఎస్సెస్సెల్సీ, ఆపైన ట్రైనింగు ఉంటే చాలు, మన పేటలోంచి ఒక మేష్టారు తయారయ్యేవాడు. ఆ ఒక్క జీతం వెనక ముగ్గురు తమ్ముళ్ళ చదువులు, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉండేవి. మన ఉత్తరాంధ్ర దళిత ఉద్యమంలో మేష్టార్లు ఇంతమంది ఎందుకున్నారో ఇప్పుడు అర్థమైందా? సర్కారు మనకి తెరిచిన మొదటి గౌరవప్రదమైన తలుపు అదే.

రెండోది రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం, త్యాడ దాటి కొండెక్కే లైను. ఇలాంటి లైన్లు వేసేటప్పుడు రైల్వే జనాన్ని ప్రాజెక్టు క్యాజువల్ కూలీలుగా పెట్టుకునేది. పని ఐపోగానే పొమ్మనేది. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు, ఏళ్ళ తరబడి ప్రాజెక్టుల్లో చేసిన క్యాజువల్ కూలీలని దశలవారీగా పర్మినెంటు చెయ్యాలన్న పథకాన్ని ఖాయం చేసింది. దేశంలో ఎన్నో చోట్ల గ్యాంగ్‌మన్ క్వార్టర్స్‌లో మన వాళ్ళ ఇళ్ళు వెలిగింది అలాగే.

మూడోది విశాఖ ఫ్యాక్టరీలు. షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, బీహెచ్‌పీవీ, జింక్ స్మెల్టర్, ఆపైన ఉక్కు. ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఈ సంస్థలన్నిట్లో రాష్ట్రపతి ఆదేశాల ద్వారా ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ నడిచింది. మన వైపు నుంచి ఐటీఐ చదివిన దళిత కుర్రాడు ఫిట్టరుగా, వెల్డరుగా చేరి, యూనియన్ లీడరై, పిల్లల్ని ఇంజినీరింగు చదివించిన కథలు ప్రతి పేటలో ఒకటైనా ఉంటాయి.

ఈ మూడు తలుపుల్లో మొదటిది రాష్ట్రానిది, మిగతా రెండూ కేంద్రానివి.

371-డి: గీత గీసిన చట్టం

1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం. రెండిటి నడుమ అసలు తగువు ఉద్యోగాలే. 1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, దాంతో 371-డి అధికరణ వచ్చాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా స్థాయి పోస్టుల్లో 80 శాతం, జోనల్ నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70 శాతం, జోనల్ గెజిటెడ్‌లో 60 శాతం స్థానికులకి. ఉత్తరాంధ్ర మొత్తం ఒకటో జోను.

దీని వల్ల మనకి మేలు జరిగింది. కోస్తాలో కోచింగులున్న జిల్లాల వాళ్ళతో కాకుండా మన జిల్లా వాళ్ళతోనే మన పోటీ ఐంది. విజయనగరం జిల్లాలో ఎస్సీలు 2011 జనాభా లెక్కల ప్రకారం పదిన్నర శాతం దాకా ఉన్నారు. రాష్ట్రంలో ఎస్సీ వాటా 15 శాతం. స్థానిక నిబంధన, ఎస్సీ వాటా రెండూ కలిస్తే మన జిల్లా పిల్లలకి అది గట్టి ఆసరా.

కానీ గీత గీసినప్పుడల్లా ఎవడో ఒకడు అవతల పడతాడు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది, శృంగవరపుకోట అందులోకి వచ్చింది. అంతవరకూ విశాఖ జిల్లా పోస్టులకి లోకల్‌గా ఉన్నవాళ్ళం తర్వాత నాన్‌లోకల్ అయ్యాం. ఇక 371-డి రాష్ట్ర ఉద్యోగాలకే గనక విశాఖలోని కేంద్ర సంస్థలకి ఆ నిబంధన తగలదు. సెక్రటేరియట్, శాఖాధిపతుల కార్యాలయాలు కూడా దాని పరిధిలో లేవు. పై గదుల్లో స్థానికత లేదు, పక్క ఊరి ఫ్యాక్టరీలో స్థానికత లేదు. కింది గుమస్తా ఉద్యోగంలోనే ఉంది.

అంకెలు అబద్ధమాడవు

ఇక అసలు మలుపు. ఆర్థిక సర్వేలో అచ్చైన అంకెలే చెప్తున్నాను, రాసుకోండి.

1991లో దేశం మొత్తం మీద ప్రభుత్వ రంగ ఉద్యోగాలు 190.58 లక్షలు. 2012 నాటికి 176.09 లక్షలు. జనాభా 84 కోట్లు దాటిన దగ్గర్నుంచి 121 కోట్లకి పెరిగింది. అంటే 1991లో ప్రతి వెయ్యిమందికి సుమారు 22 సర్కారు ఉద్యోగాలుంటే, ఇరవై ఏళ్ళకి అవి 14, 15 మధ్యకి పడిపోయాయి.

ఎక్కడ తగ్గాయో చూడండి. కేంద్ర ప్రభుత్వంలో 34.11 లక్షల నుంచి 25.20 లక్షలకి. రాష్ట్ర ప్రభుత్వాలన్నీ కలిపి 71.12 నుంచి 71.84 లక్షలకి, అంటే ఉన్నచోటే ఉన్నాయి. స్థానిక సంస్థల్లో 23 లక్షల నుంచి 21 లక్షలకి. కేంద్రం ఒక్కటే దాదాపు 9 లక్షల కుర్చీలు తీసేసింది. 15 శాతం చొప్పున కట్టినా అందులో ఎస్సీల వాటా లక్షా 33 వేలు. కింది గ్రూపుల్లో మన వాళ్ళు 15 శాతం కంటే ఎక్కువగా ఉంటారు గనక అసలు నష్టం ఇంకా పెద్దది.

ఉన్న కుర్చీలైనా నింపారా? 2021 మార్చి 1 నాటికి కేంద్రంలో మంజూరైన పోస్టులు 40 లక్షల పైచిలుకు, ఖాళీలు 9.79 లక్షలు. ఇది పార్లమెంటులో మంత్రి చెప్పిన లెక్క. రైల్వేలో 2019లో లక్షా మూడు వేల గ్రూప్-డి స్థాయి పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే కోటి మందికి పైగా దరఖాస్తు చేశారు. పరీక్ష 2022లో పెట్టారు. మూడేళ్ళు! ఆ మూడేళ్ళలో ఎంతమంది వయసు దాటిపోయిందో ఎవడు లెక్క కట్టాడు?

కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో 2013 మార్చిలో 17.3 లక్షల మంది ఉంటే 2022 మార్చికి 14.6 లక్షలు. అందులో కాంట్రాక్టు, క్యాజువల్ వాళ్ళ వాటా 19 శాతం నుంచి 42.5 శాతానికి పెరిగింది. విశాఖలో చూశాం కదా. హిందుస్థాన్ జింక్ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, విశాఖ స్మెల్టర్ 2012లో మూతపడింది. 2021 జనవరి 27న ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ తర్వాత 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. సంతోషం. కానీ కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద ధర్నాలు ఆగలేదు.

ఇంకో సంగతి. ఆరో వేతన సంఘం తర్వాత కేంద్రంలో గ్రూప్-డి అన్నదే తీసేశారు. ఉన్నవాళ్ళని గ్రూప్-సిలోకి ఎక్కించారు, మంచిదే. కానీ కొత్తగా చేరాలంటే కనీసం పదో తరగతి పాసవ్వాలి. ఊడ్చే పని, తోట పని, కాపలా పని ఏజెన్సీలకి పోయాయి. చదువు లేని దళిత ఆడమనిషి పర్మినెంటు సర్కారు ఉద్యోగంలోకి నడిచొచ్చే తలుపు మూసుకుంది.

రాష్ట్రం తీరు వేరు: కుర్చీ ఉంచి పేరు మార్చింది

రాష్ట్రాలు అంకె తగ్గించలేదన్నాను కదా. బడి, ఆసుపత్రి, రేషను, పింఛను అన్నీ రాష్ట్రం చేతిలోవే. మనుషుల్లేకుండా నడవవు. ఓటు కూడా అక్కడే ఉంది. కాబట్టి మన రాష్ట్రం మనుషుల్ని పెట్టుకుంది, ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు.

పేర్ల వరస చూడండి. 1980లలో 398 రూపాయల స్పెషల్ టీచర్లు. తర్వాత విద్యా వాలంటీర్లు. తర్వాత అప్రెంటిస్ టీచర్లు. కాంట్రాక్టు లెక్చరర్లు. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది. 2019లో గ్రామ వాలంటీర్లు, రెండు లక్షల అరవై వేల దాకా, నెలకి 5,000 గౌరవ వేతనం. ప్రభుత్వం మారాక ఆ వాలంటీర్ల వ్యవస్థే కొనసాగలేదు. నలభై ఏళ్ళలో పార్టీలు మారాయి, పేర్లు మారాయి, పద్ధతి ఒక్కటే.

దీనికి చట్టం పునాది 1994 నాటి రెండో నంబరు చట్టం. 1993 నవంబరు 25 తర్వాత రోజుకూలీ, తాత్కాలిక పద్ధతిలో పెట్టుకోవడం కుదరదని, క్రమబద్ధీకరణ ఉండదని అది చెప్పింది. ఆ తేదీకి ఐదేళ్ళు నిండినవాళ్ళకి 212 జీవోతో దారి ఇచ్చారు. చదవడానికి బాగుంది, తాత్కాలిక నియామకాలే ఉండకూడదు కదా అనిపిస్తుంది. జరిగింది వేరు. తాత్కాలికులు పోలేదు, సర్కారు రిజిస్టరులోంచి ఏజెన్సీ రిజిస్టరులోకి మారారు. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు దొడ్డిదారి నియామకాల్ని పర్మినెంటు చెయ్యొద్దంది. ఆ తీర్పుని ప్రభుత్వాలు కొత్తగా దొడ్డిదారిన పెట్టుకోవడం మానడానికి వాడలేదు, ఉన్నవాళ్ళని పర్మినెంటు చెయ్యకపోవడానికే వాడాయి.

రిజర్వేషన్ ఇక్కడెలా చచ్చిపోతుందో అర్థం చేసుకోవాలి, విద్యార్థులు ముఖ్యంగా. రిజర్వేషన్ నడిచేది రోస్టర్ మీద. వంద పాయింట్ల వరసలో ఫలానా పాయింటు ఎస్సీది అని రాసి ఉంటుంది. పోస్టు పర్మినెంటుదై, ఒక క్యాడర్లో ఉండి, ఆఫీసులో రోస్టర్ రిజిస్టరు ఉంటేనే ఆ పాయింటుకి అర్థం. ఏజెన్సీ పంపే మనిషి "నియామకం" కాదు, "సేవ". సేవకి రోస్టరుండదు. బల్లలు కొన్నట్టే మనుషుల్నీ టెండరు పెట్టి కొంటారు. కాగితం మీద 15 శాతం అలాగే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. ముట్టుకోవాల్సిన అవసరం వాళ్ళకి లేదు.

మంచి కూడా చెప్పాలి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకి లక్షా 26 వేల పోస్టులు వేశారు. పరీక్ష, రోస్టరు, స్థానిక నిబంధన అన్నీ ఉన్నాయి. మన పేటల నుంచి మొదటిసారి సర్కారు గుర్తింపు కార్డు మెళ్ళో వేసుకున్న పిల్లలు అందులో ఉన్నారు. 2020లో ఆప్కాస్ పెట్టి దళారీ ఏజెన్సీల స్థానంలో ప్రభుత్వ సంస్థని తెచ్చారు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచరు పోస్టులు వేశారు. కానీ దానికి ముందు డీఎస్సీ 2018లో. ఏడేళ్ళ ఎడం. బీఈడీ చేసిన మన చెల్లెలు ఆ ఏడేళ్ళు ఏ ప్రైవేటు బడిలో ఎంతకి పనిచేసిందో ఆమెనడగండి.

ఇద్దరి బిడ్డ, ఎవరికీ పట్టని బిడ్డ

అంగన్‌వాడీ చూడండి. 1975 అక్టోబరు 2న మొదలైన కేంద్ర పథకం. నడిపేది రాష్ట్రం. వర్కరు ఏమవుతుంది? కేంద్రం "రాష్ట్రం పని" అంటుంది, రాష్ట్రం "కేంద్ర పథకం" అంటుంది. కోర్టు అమీర్‌బీ కేసులో "సివిల్ పోస్టు కాదు" అంది. 2022లో గ్రాట్యుటీ మాత్రం ఇవ్వాలంది. 2023 డిసెంబరు నుంచి మన రాష్ట్రంలో అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఎస్మా పెట్టింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. జీతం అడిగితే వాళ్ళు స్వచ్ఛంద సేవకులు. సమ్మె చేస్తే అత్యవసర సర్వీసు ఉద్యోగులు! ఆశాలది కూడా అదే స్థితి. ఫెడరలిజం గురించి పుస్తకాల్లో చదువుతాం. ఫెడరలిజం పగుళ్ళలో ఎవరు పడిపోతారో ఈ ఆడవాళ్ళని చూస్తే తెలుస్తుంది.

రెల్లి చేతి చీపురు

ఉత్తరాంధ్రలో ఈ చర్చ రెల్లి, పైడి, దండాసి, బవురి అన్నదమ్ముల గురించి మాట్లాడకుండా పూర్తి కాదు. పట్నాలు ఊడ్చిన చేతులవి. ఒకప్పుడు మున్సిపాలిటీ పారిశుధ్య ఉద్యోగం పర్మినెంటు. పని హీనంగా చూసినా జీతం, పింఛను, తండ్రి పోతే బిడ్డకి ఉద్యోగం ఉండేవి. పర్మినెంటు వాళ్ళు రిటైరైన కొద్దీ ఆ పోస్టులు కాంట్రాక్టయ్యాయి. 279 జీవో మీద మున్సిపల్ కార్మికులు పోరాడింది అందుకే. శృంగవరపుకోటలాంటి పంచాయతీల్లో ఐతే మొన్న గ్రీన్ అంబాసిడర్, నిన్న క్లాప్ మిత్ర. పేర్లు ఇంగ్లీషులో మెరుస్తాయి, జీతాలు నెలల తరబడి బకాయి.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకి ఒప్పుకుంది. 2025లో మన రాష్ట్రం 15 శాతాన్ని మూడు చేసింది. రెల్లి, పైడి తదితర 12 కులాలకి 1 శాతం, మాదిగ తదితర కులాలకి 6.5, మాల తదితర కులాలకి 7.5. దీని మీద మనలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఈ సిరీస్‌లో ముందు ముందు వివరంగా మాట్లాడదాం. ఇవాళ్టికి ఒకటే అడుగుతాను. రెల్లి బిడ్డకి వందలో ఒక్క పోస్టు రాసిచ్చిన రాష్ట్రమే, ఆ బిడ్డ తల్లి చేసే పనిని వందకి వంద కాంట్రాక్టు చేస్తుంటే, ఇచ్చిందెంత, తీసుకుందెంత? వాటా పంచుకోవడం గురించి మనం కొట్టుకుంటున్నప్పుడు గిన్నె ఎవరు ఎత్తుకుపోతున్నారో చూడాలి.

"ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగాలొస్తాయి"

సర్కారు ఉద్యోగం తగ్గితే ప్రైవేటు పెరుగుతుంది కదా అంటారు. మన బొడ్డవర వైపు వెళ్ళి చూడండి. 2005లో జిందాల్ అల్యూమినా ఫ్యాక్టరీకి ఒప్పందం జరిగింది. వెయ్యి ఎకరాలకి పైగా సేకరించారు, అందులో దళితుల, గిరిజనుల డి-పట్టా భూములున్నాయి. ఉద్యోగాలిస్తామన్నారు. అల్యూమినా ఫ్యాక్టరీ రాలేదు. ఇప్పుడు అదే భూమిలో ఎంఎస్ఎంఈ పార్కు మాట వచ్చింది, 2025లో రైతులు మళ్ళీ రోడ్డెక్కారు. పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టంలో స్థానికత ఉంది, కులం లేదు. భూమి పోయింది మన కులాలది, ఉద్యోగం వస్తే పోటీ అందరితో.

ఐతే ఏం చెయ్యాలి?

మొదటి ప్రశ్నకి సమాధానం: రెండిటికీ చదవండి. నోటిఫికేషన్ ఎవరిస్తే వాళ్ళది రాయండి. కానీ చదవడంతో పాటు ఇంకో పని కూడా చెయ్యాలి. లేకపోతే మీ తర్వాతి తమ్ముడికి రాయడానికి పరీక్షే ఉండదు.

ఒకటి. సమాచార హక్కు. గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. నాలుగు ప్రశ్నలు చాలు: మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని? రోస్టర్ రిజిస్టరు నకలు ఇవ్వండి. ఎస్సీ, ఎస్టీ బ్యాక్‌లాగ్ ఎంత? అవుట్‌సోర్సింగ్‌లో ఎంతమంది, అందులో ఎస్సీ, ఎస్టీ ఎంతమంది, పీఎఫ్ ఎంత కట్టారు? పంచాయతీ, ఎంపీడీవో ఆఫీసు, ఆసుపత్రి, కాలేజీ, ఒక్కొక్కరు ఒక్కో ఆఫీసు పంచుకోండి. ఒక మండలం లెక్క మన చేతిలో ఉంటే ఎమ్మెల్యే ముందు మన గొంతు వేరేగా ఉంటుంది.

రెండు. తాత్కాలిక కేంద్ర నియామకాల్లో కూడా 45 రోజులు, ఆపైన ఐతే రిజర్వేషన్ పాటించాలని కేంద్రం ఉత్తర్వులే ఉన్నాయి. అడిగేవాడు లేక అవి ఫైళ్ళలో పడి ఉన్నాయి. 2024 ఆగస్టులో యూపీఎస్సీ 45 లేటరల్ ఎంట్రీ పోస్టులకి రిజర్వేషన్ లేకుండా ప్రకటన ఇచ్చింది. దేశమంతా అడిగితే మూడు రోజుల్లో వెనక్కి తీసుకుంది. అడిగితే కదులుతుంది.

మూడు. కాంట్రాక్టు కార్మికుల పోరాటం "వాళ్ళది" అనుకోకండి. పోటీ పరీక్షలు రాసే విద్యార్థికీ, పదిహేనేళ్ళుగా ఊడుస్తున్న అక్కకీ తగువు పెట్టడం పాలకులకి ఇష్టం. "వాళ్ళని పర్మినెంటు చేస్తే మీకు పోస్టులుండవు" అంటారు. ఖాళీల లెక్క పైన ఇచ్చాను, ఇద్దరికీ సరిపోను కుర్చీలున్నాయి. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు తీర్పు చదవండి. కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చిన, తోట పని చేసిన మనుషులు వేసిన కేసు. ఉమాదేవి తీర్పుని ఇలాంటి వాళ్ళకి అన్యాయం చెయ్యడానికి ఆయుధంగా వాడొద్దని కోర్టు చెప్పి వాళ్ళని క్రమబద్ధీకరించమంది. గెలిచింది పెద్ద లాయర్ల సంఘం కాదు, చీపురు పట్టిన ఆడవాళ్ళు.

బాబాసాహెబ్ 1943లో ఒక్కడే కౌన్సిల్లో కూర్చుని పన్నెండులో ఒకటి రాయించారు. ఇవాళ మనం ఆఫీసుల్లో, కాలేజీల్లో, యూనియన్లలో వేలమందిమి ఉన్నాం. ఆ పన్నెండు కుర్చీలే మాయమైపోతుంటే లెక్క అడగాల్సింది మనమే.

వచ్చే భాగంలో: నాన్ షెడ్యూల్డ్ గిరిజన గ్రామాలు. మన మండలంలో కొండ మీద బతుకుతూ ఐదో షెడ్యూలు బయట ఉండిపోయిన అన్నదమ్ములకి 3వ నంబరు జీవో ఉన్నప్పుడు ఏమొచ్చింది, 2020లో అది పోయాక ఏం పోయింది అన్న సంగతి.

చదివి మీ హాస్టల్లో, మీ గ్రూపుల్లో నలుగురితో చర్చించండి. ఆర్టీఐ వేసినవాళ్ళు జవాబు కాగితాలు దాచిపెట్టండి, అన్నీ కలిపి మండలం లెక్క తీద్దాం.

జై భీమ్.